కారణం రాయండి

"కదిల్తే పాప పీక తెగిపోతాది. కూకో. కూకుని ఆ కంప్యూటర్లో రాసీ" అన్నాడు వాడు.

లేవబోయిన డాక్టర్ ఎలీషా మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. బల్లకి అవతల జూనియర్ డాక్టర్ శ్రావణి మెడ మీద కత్తి ఉంది. చేపలు కోసే సన్నటి కత్తి. ఆమె జడ ఎడమచేతికి చుట్టుకుని తల వెనక్కి వంచి పట్టుకున్నాడు వాడు. పాతికేళ్ళుంటాయేమో. కళ్ళు గుంటలు పడ్డాయి. చెయ్యి వణికినప్పుడల్లా కత్తి మొన ఆమె చర్మానికి గుచ్చుకుంటోంది.

"ఏం కావాలి నీకు?"

"మత్తు బిళ్ళలు. ఇరవై షీట్లు."

"అన్ని రాయకూడదు."

"రాయొచ్చా రాయకూడదా అని నానడిగినానా?"

శ్రావణి మెడ మీద ఎర్రటి గీత పడింది. ఎలీషా గబగబా సొరుగులోంచి పాత చీటీల పుస్తకం తీశాడు. "ఇదిగో, చేత్తో రాసిచ్చేస్తాను. పట్టుకుపో."

వాడు బల్లని ఒక్క తన్ను తన్నాడు. పుస్తకం ఎగిరి కిందపడింది.

"కాయితం ఎవులిక్కావాలి? కాయితవైతే నానే రాసుకునీవోణ్ణి. నీ కోడిగీతలు నీకన్నా బాగా గీస్తాను. ఈ డబ్బా ఎట్టినకాణ్ణించి మందుల కౌంటరోడు కాయితం ముట్టడం నేదు."

ఎలీషాకి భయం కన్నా ముందు కోపం వచ్చింది. "ఈ డబ్బా మనకొద్దని మీటింగులో మొత్తుకున్నాను. దొంగచీటీలు ఆగిపోతాయని నువ్వే కదమ్మా చెయ్యెత్తింది?"

"ఆగాయి కదా సార్" అంది శ్రావణి ఏడుస్తూనే.

"నోర్ముయ్యండి ఇద్దరూ!" వాడు కత్తి పిడితో ఎలీషా కనుబొమ మీద గుద్దాడు. చర్మం చిట్లి రక్తం కీబోర్డు మీద పడింది. వాడు జేబులోంచి ఓపీ చీటీ తీసి బల్ల మీదకి విసిరాడు. ఎలీషా ఒంటి వేలితో నంబరు కొట్టాడు. గిరిబాబు అని పేరు వచ్చింది. మందు పేరు కొట్టాడు. ఇరవై షీట్లు అని కొట్టాడు.

తెర ఎర్రబడింది. 'మోతాదు మించింది. కారణం రాయండి.'

రోజూ ఎలీషాని విసిగించేది ఈ గడే. రెండు మందులు రాస్తే ఒకదానికి కారణం అడుగుతుంది. ఆయన అందులో ఒక చుక్క పెట్టి ముందుకు పోతుంటాడు. ఆ చుక్క ఏమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"ఏటి, ఆగిపోనావు?"

"కారణం రాయమంటోంది."

"నొప్పని రాయి."

తెర ఎలీషా వైపే తిరిగి ఉంది. ఈసారి ఆయన చుక్క పెట్టలేదు. 'ఇతను శ్రావణి మెడ మీద కత్తి పెట్టాడు. రెండో నంబరు గది. చంపేస్తాడు. పోలీసుల్ని పిలవండి' అని కొట్టి పంపించాడు.

"మందులిక్కడికే తెమ్మను."

ఎలీషా కౌంటర్‌కి ఫోన్ చేసి స్పీకర్ నొక్కాడు. "నరసింగరావూ, ఇప్పుడే ఒక చీటీ పంపాను. జాగ్రత్తగా చదివి మందులు పంపించు."

"చీటీయా? రానేదు సార్. మా కౌంటర్లో నెట్టు పోయినాది, గుండ్రంగా తిరుగుతన్నాది అంతే. బాగుసేసీవోడు గరివిడిలో బయల్దేరినాడంట."

"సరిగ్గా చూడు నరసింగరావూ. చదువు."

"తెల్లగా ఉంటే ఏటి సదవను సార్?" ఫోన్ పెట్టేశాడు.

"నాటకాలా?" అంటూ వాడు కత్తి లాగాడు. మెడ కింద నుంచి భుజం దాకా కోసుకుపోయింది. శ్రావణి కేక పెట్టింది. తెల్లకోటు ఎర్రబడింది. ఎలీషా బల్ల మీదుగా వాడి మీదకి దూకాడు. వాడు శ్రావణిని వదిలి ఆయన గుండెల మీద తన్నాడు. పడిపోయిన ఆయన మీద మోకాలు మోపి కత్తి ఎత్తాడు.

"ముందు నువ్వు సావు ముసిలోడా."

వాడి వెనక తలుపు తెరుచుకుంది. ఆస్పత్రి గేటు దగ్గర కొబ్బరిబోండాలు అమ్మే గురమ్మ. చేతిలో బోండాలు కొట్టే కత్తి. బోండాం తల నరికినట్టే ఒకే ఒక్క వేటు వేసింది.

"అమ్మా!" అని అరిచి వాడు పక్కకి ఒరిగిపోయాడు. మణికట్టు సగం తెగి వేలాడుతోంది.

ఎలీషా ఆయాసపడుతూనే లేచి, స్టెతస్కోపు గొట్టంతో వాడి మోచేతి పైన బిగించి కట్టాడు. నర్సులు పరిగెత్తుకొచ్చి శ్రావణి భుజానికి గుడ్డ అదిమారు. గాయం లోతు లేదు. నడవాలోంచి జనం తోసుకొచ్చారు. "గురమ్మ కాదురా, కాళికమ్మ!" అన్నారెవరో.

గురమ్మ రక్తంలోనే చతికిలబడింది. "బతుకుతాడా బాబూ?"

"బతుకుతాడు. విజయనగరం పంపిస్తాను. భయపడకు, నీ మీద కేసు రాకుండా చూసే పూచీ నాది."

"నీకెలా తెలిసింది గురమ్మా?" అంది శ్రావణి.

గురమ్మ బొడ్లోంచి ఫోను తీసి నేల మీద పెట్టింది. "ఇది టింగుమన్నాది. బోండాం తాగుతన్న పిల్ల సదివి సెప్పింది. పరిగెట్టీసినాను."

ఫోను తెర మీద ఆయన కొట్టిన అక్షరాలే ఉన్నాయి. "నేను పంపింది కౌంటర్‌కి కదా!" అన్నాడు ఎలీషా.

"పేషెంటు ఇచ్చిన నంబరుకి కూడా ఒక కాపీ వెళ్తుంది సార్" అంది శ్రావణి.

"అయితే వాడి ఫోనుకి రావాలి. నీకెందుకొచ్చింది?"

గురమ్మ వాడి తలని ఒళ్ళోకి తీసుకుంది.

"ఆడికి ఫోనెక్కడిది బాబూ, ఎప్పుడో అమ్మీసినాడు. ఎవులడిగినా అమ్మ నంబరే సెప్తాడు."