చాచిన తాడు

ఆ రోజు ముసలాయన తాడు కొసను హన్మాండ్లు వైపు చాచాడు.

హన్మాండ్లు చేతిలోని చాయ్ గ్లాసు జారి కింద పడింది.

"అయిపాయె మారుతీ. ఇగ నా వంతే."

అరబ్బు దేశంలో, మెసైమీర్ చివర లేబర్ క్యాంపు అది. రూము తలుపు తీస్తే ఎదురుగా ఇసుకే. పొద్దుగూకే వేళ ఆ ఇసుకలోంచే వచ్చేవాడు ముసలాయన. ఒంటిమీద మాసిన అరబ్బు చొక్కా, గొంతు చుట్టూ గుడ్డ, వెంట తాడు కట్టిన నల్లకుక్క. హన్మాండ్లు వాళ్ళ రూముకు ఎదురుగా కూర్చునేవాడు. పెదాలు కదిలేవి, మాట మాత్రం వినిపించేది కాదు.

"మంత్రం సదువుతుండు" అని మారుతి తేల్చేశాడు. ఆ రూములో ఏ సంగతైనా తేల్చేది మారుతే.

కుక్క ఇంకా విచిత్రం. వీళ్ళు మాట్లాడుకుంటుంటే చెవులు నిక్కబొడుచుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహంలోకి చూసేది. పక్కరూము పఠాన్ల జోలికి పోయేది కాదు.

"మన ఎనకనే ఎందుకు పడ్డదిరా ఇది?" అనేవాడు హన్మాండ్లు.

అంతకుముందు ముసలాయన ఆ తాడును వాళ్ళ రూములోనే ఉండే పోశెట్టి వైపు చాచాడు. పోశెట్టి జాలిగుండె మనిషి, కుక్కకు రొట్టెముక్క వేశాడు. ముసలాయన ముఖం వెలిగిపోయింది, తాడు చేతిలో పెట్టబోయాడు. పోశెట్టి నవ్వి, వద్దని తల ఊపాడు. మర్నాడు డ్యూటీలో బిల్డింగు మీంచి జారిపడ్డాడు. పెట్టెలో ఊరికి చేరాడు.

"నల్లకుక్క. చేతిల తాడు. ఇంకెవడనుకుంటున్నవు? యముడే" అన్నాడు మారుతి.



ఇప్పుడు హన్మాండ్లు. అతను చేసిన పాపమల్లా, నిన్న ఎండకు రొప్పుతున్న ఆ కుక్కకు డబ్బాలో నీళ్ళు పోయడమే. దయ చూపినవాళ్ళనే పట్టుకుపోతున్నాడు కాబోలు.

హన్మాండ్లుకు బతకాలని ఉంది. తను వచ్చాక పుట్టిన కూతురి మొహం ఇంకా చూడలేదు. పెళ్ళాం ఎల్లవ్వ తన మాటలు, పాప ఏడుపు నింపి పంపిన క్యాసెట్టే దిక్కు. మొన్న అది పెట్టుకుని వింటుంటే ముసలాయన కిటికీ దాకా వచ్చి నిలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. హన్మాండ్లు చటుక్కున టేపు ఆపేశాడు.

"యల్లా! ఇమ్షీ!" అని ఇప్పుడు అరబ్బీలో, పొమ్మని చేతులూపుతూ అరిచాడు.

కుక్క కదల్లేదు. ముసలాయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. తాడు హన్మాండ్లు ఛాతీకి తగిలింది.

హన్మాండ్లు వెనక్కి గెంతి, రాయి తీసి విసిరాడు. అది ముసలాయన భుజానికి తగిలింది. ఆయనకు కోపం రాలేదు. కాసేపు హన్మాండ్లునే చూసి, తాడును తన మణికట్టుకే చుట్టుకుని వెళ్ళిపోయాడు.

"తాడు తనకే సుట్టుకుండు. బతికినవు పో" అన్నాడు మారుతి.

మర్నాడు తెల్లవారే దుమ్ముగాలి లేచింది. పగలే చీకటి కమ్మింది. డ్యూటీ బంద్. అందరూ తలుపులు బిగించుకుని కూర్చున్నారు. గాలి హోరులో బయట సన్నగా కుక్క ఏడుపు వినిపించింది. ఆగి, మళ్ళీ తలుపు దగ్గరే వినిపించింది. గోళ్ళతో రేకు గీకుతున్న చప్పుడు.

"తియ్యకు. నీ కోసమే వచ్చింది" అన్నాడు మారుతి.

హన్మాండ్లు చెవులు మూసుకున్నాడు.

సాయంత్రానికి గాలి తగ్గింది. తలుపు తీస్తే గడప ముందే, సగం ఇసుక కింద, ముసలాయన పడి ఉన్నాడు. ప్రాణం లేదు. మణికట్టుకు తాడు అలాగే ఉంది. కుక్క ఆయన ఛాతీ మీద పడుకుని, దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ కోరలు చూపిస్తోంది.

క్యాంపు బాసు అరబ్బీలో గదమాయించాడు. పఠాన్లు ఉర్దూలో అదిలించారు. అది వినలేదు.

అవతల మేకల దొడ్డిలో పనిచేసే బలూచీ ఇస్హాక్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మా దొడ్డి మనిషే" అన్నాడు ఉర్దూలో. "నేను కుర్రాడిగా వచ్చేసరికే ఇక్కడ మేకలు కాస్తున్నాడు. గొంతులో పుండు లేస్తే ఆస్పత్రిలో కోశారు, మాట పోయింది. ఎక్కువ రోజులు బతకడని చెప్పారు. అప్పటినుంచి సాయంత్రమైతే చాలు, దీన్ని వెంటేసుకుని ఇటే వచ్చేవాడు."

"కుక్కను నువ్వు పెట్టుకోకపోయావా?" అన్నాడు బాసు.

"నా మాట ఒక్కటీ వినదు సాబ్. గొంతు ఉన్నన్నాళ్ళూ రోజంతా దీనితోనే మాట్లాడేవాడు. అరబ్బీ కాదు, ఉర్దూ కాదు. ఏం భాషో మాకెవరికీ తెలియదు."

హన్మాండ్లు మెల్లగా ముందుకు నడిచాడు. చచ్చిపోయిన మనిషి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తప్పయింది తాతా" అన్నాడు.

కుక్క గుర్రుమనడం ఆపింది. చెవులు లేచాయి.

హన్మాండ్లు దాని కళ్ళలోకి చూశాడు.

"జర పక్కకు జరుగు బిడ్డా" అన్నాడు.

కుక్క లేచి పక్కకు జరిగింది.

"కూసో."

కూర్చుంది.

తమ ఊరి మాటను కుక్కకు నేర్పి, తను పోయాక అది ఆ మాట వినే చోట ఉండాలని తాడు చాచిన తెలుగు తాత మణికట్టు మీంచి, హన్మాండ్లు ఏడుస్తూ ఆ తాడు విప్పాడు.