ముందు రెండు వరసలు

"ఇందులో ఆ కవిత లేదు."

చీటీ మీద రాసి ఉన్నది అంతే. రాసినావిడ మెడలో కొలతల టేపు వేలాడుతోంది, ఆవిడ టైలరు. చీటీ కూడా కొలతల పుస్తకంలోంచి చింపిందే. నిన్న సాయంత్రం సభలో ముందు వరసలో కూర్చుని కళ్ళు ఒత్తుకుంటూ కనిపించిన మనిషి ఆవిడే. ఆవిడకు వినపడదు. అందుకే చెప్పాల్సింది చీటీ మీద పెట్టి, కవితల పుస్తకాన్ని తెచ్చి బల్ల మీద ఠప్పున పడేసింది.

సంతకాలు పెట్టడానికి కలం మూత తీసి కూర్చున్న కవిగారు బిత్తరపోయారు. "ఏ కవిత?" అని అదే చీటీ కింద రాశారు.

ఆవిడ చకచకా రాసింది. "అమ్మ పాడుతుంటే గొంతు మీద చెయ్యి పెట్టి జోలపాట తెలుసుకునే పాప. నిన్న చివర్లో వచ్చింది. పుస్తకమంతా రెండుసార్లు తిరగేశాను. ఏ పేజీ?"

కవిగారు చీటీని మళ్ళీ చదివారు. అలాంటి కవిత ఆయన జన్మలో రాయలేదు. నిన్న చివర్లో చదివింది చంద్రుడి మీద నాలుగు పేజీల కవిత. ఇంకెవరి పుస్తకమో అనుకుని పొరపాటున ఇక్కడికొచ్చింది పాపం అని సరిపెట్టుకుందామంటే, ఆవిడ వెనకాల మరో ముగ్గురు అదే పుస్తకం పట్టుకుని అవునవునని తలలూపుతున్నారు.

పన్నెండేళ్ళుగా కవిగారి పుస్తకాలు మంచం కిందే కాపురం చేశాయి. ఈ శరత్కాలంలో దశ తిరిగింది. ఇది మూడో ఊరు, మూడో సాహిత్యోత్సవం. అన్నిచోట్లా వినపడనివాళ్ళ కోసం ముందు రెండు వరసలూ, సైగల భాషలో చెప్పే ఏర్పాటూ ఉన్నాయి. చేతులు కనపడాలి కాబట్టి సైగల టీచరమ్మ స్టేజి మధ్యన, దీపాల కింద నిలబడేది. కవిగారు ఓ పక్కన మైకు దగ్గర. మొదటి ఊళ్ళో ముందు రెండు వరసలూ మధ్యలోనే లేచి వెళ్ళిపోయినా, రెండో ఊళ్ళో వెక్కివెక్కి ఏడ్చాయి. తన గొంతు అప్పటికి పాకాన పడిందనుకున్నారాయన, ఏడ్చింది ఎవరో ఆలోచించకుండానే.

ఆ కన్నీళ్ళు చూసే ప్రచురణకర్త రెండో ముద్రణ వేస్తానన్నాడు. ఈసారైనా అట్ట మీద ఫొటో వేద్దామండీ అంటే, "కవి కనపడకూడదయ్యా, కవిత కనపడాలి" అని మళ్ళీ ఉత్త కలంపేరుతోనే సరిపెట్టించారు కవిగారు.

"టీచరమ్మా, ఒకసారి ఇటు రండి!"

స్టేజి దగ్గర దీపాలు సరిచూసుకుంటున్న టీచరమ్మ వచ్చింది. ఆమెను చూడగానే టైలరమ్మ మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించింది. తమ భాష వచ్చిన మనిషి కదా, అభిమానం ఉండదా అనుకున్నారు కవిగారు.

"ఏదో పాప అంటోంది, జోలపాట అంటోంది. ఏమిటిదంతా?"

చీటీ చదివిన టీచరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది... నాదండీ."

"మీదేమిటి?"

"మొదటి ఊళ్ళో మీవే చెప్పాను సార్, పొల్లు పోకుండా. మూడో కవితకే ముందు వరసలు లేచి టీకి వెళ్ళిపోయాయి. రెండో ఊళ్ళోనూ మీ చంద్రుడు ఎంతకీ అవట్లేదు, జనం లేవబోతున్నారు. ఇక నా చేతులు ఆగలేదు. నా కవిత చెప్పేశాను. ఆ పాప మా అక్కండీ. దానికి పుట్టినప్పటి నుంచీ వినపడదు. నా కవితలన్నీ దానికోసం చేతుల్తోనే కట్టుకున్నాను. కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు."

"మరి నిన్న?"

"నిన్న అన్నీ నావేనండీ."

"నేను చదివినవి?"

"అవి వినేవాళ్ళకి ఎలాగూ వినపడుతున్నాయి కదండీ," అంది టీచరమ్మ, తల దించుకుని.

కవిగారు కలం మూత టప్పున పెట్టేశారు. ఆయన నోట వచ్చింది మాట కాదు, కేక.

"ఎంత మోసం! ఆ కన్నీళ్ళు నావనుకున్నానే! ఇంట్లో చెప్పుకున్నాను, ఆఫీసులో చెప్పుకున్నాను, దారిన పోయేవాడిని ఆపి మరీ చెప్పుకున్నాను! ఇప్పుడే ప్రచురణకర్తను పిలుస్తాను. పదకొండింటి సభలో మీరు స్టేజి ఎక్కారంటే నేను మనిషినే కాను!"

ఆయన చేతులు గాల్లో ఎగురుతున్నాయి. టీచరమ్మ కళ్ళనిండా నీళ్ళు. ఒక్క ముక్కా వినపడని టైలరమ్మ ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. తర్వాత కొలతల పుస్తకంలోంచి ఇంకో కాగితం బర్రున చింపి, గబగబా రాసి, తెచ్చి కవిగారి ముక్కు ముందు పెట్టింది.

తప్పయిందని రాసి ఉంటుందిలే అనుకుంటూ కవిగారు అందుకున్నారు.

"బాబూ, కవయిత్రి గారి మీద అలా అరవకండి. పుస్తకంలో ఒక కవిత పడకపోతే ఆవిడేం చేస్తారు? ఆ పుస్తకం మీద ఆవిడ చేత సంతకం పెట్టించి ఇవ్వండి, చాలు. ఇంకొక్క మాట, ఏమీ అనుకోకండి. నిన్న వెనక వరసల్లో వినేవాళ్ళ కంట ఒక్క చుక్క రాలేదు. ఆవిడ కవితల్ని మీరు నోటితో వాళ్ళకు సరిగ్గా చెప్తున్నట్టు లేదు."