వద్దన్న ఇంజెక్షన్

డాక్టరమ్మ డ్యూటీ దిగే వేళకు అతన్ని చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. ఒళ్లంతా చెమట. చొక్కా మీంచే గుండె ఎగిరిపడటం తెలుస్తోంది. వెనకే భార్య, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది.

డాక్టరమ్మ విప్పబోయిన కోటు మళ్లీ తగిలించుకుంది. మంచం దగ్గరికి వస్తూ ఒక్క క్షణం ఆగి కడ్డీ పట్టుకుంది. పొద్దున్నుంచీ నిలబడే ఉంది, అలసిపోయింది కాబోలనుకుంది నర్సు.

తీగలు అంటించారు. గుండె నిమిషానికి రెండు వందలు దాటి కొట్టుకుంటోంది. బీపీ మాత్రం నిలకడగానే ఉంది. అతను డాక్టరమ్మను ఒకసారి చూసి ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. భోంచేసి లేస్తుంటే దడ మొదలైందని, ఇంతకుముందు ఏ జబ్బూ లేదని భార్యే చెప్పింది.

దడ దిగడానికని డాక్టరమ్మ ఖాళీ సిరంజి అతని నోటికి అందించింది.

“ఊదు నాన్నా. ఇంకాస్త గట్టిగా.”

ఊదాడు. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పట్టుకున్నారు. రెండోసారి చేసినా దడ దిగలేదు.

నర్సు అలవాటు కొద్దీ ఎప్పుడూ ఇచ్చే ఇంజెక్షన్ సిద్ధం చేసింది.

“అది వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి పట్టేస్తుంది.”

“ఈయనకు ఉబ్బసం లేదండీ,” అంది భార్య.

అతను గోడనే చూస్తూ ఉందన్నట్టు తలూపాడు. డాక్టరమ్మ వేరే మందు తెప్పించి, తెర మీంచి కళ్లు తిప్పకుండా తనే నెమ్మదిగా నరంలోకి ఎక్కించింది.

ఉన్నట్టుండి తెర మీద గీత తడబడింది. ఆనక దారిన పడింది. ఎనభై ఐదు.

భార్య కుర్చీలో కూలబడి ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, తమకు వెనకా ముందూ ఎవరూ లేరని, అత్తగారు కూడా ఈయన చిన్నతనంలోనే పోయారని చెప్పుకొచ్చింది. డాక్టరమ్మ వింటూ అతని కాళ్ల మీద దుప్పటి సర్దింది.

“ఈయనకు ఉబ్బసముందని నాకే తెలీదు. మీకెలా తెలిసిందండీ?”

“ఇన్నేళ్ల సర్వీసమ్మా. తెలిసిపోతుంది,” అంది డాక్టరమ్మ, ఇక ఓపిక లేనట్టు స్టెతస్కోపు మెడలోంచి తీసేస్తూ.

అతను గోడవైపు నుంచి ముఖం తిప్పకుండానే అన్నాడు, “మా అమ్మ పోలేదు, ఈవిడే.”