నోటిపూత

"నోరు తెర్వు," అంది సత్తెమ్మ.

మంచంలో ఉన్న వీరేశం తెరవబోయి ఆగిపోయాడు. పెదవులు అంటుకుపోయాయి. ఆమె తడిగుడ్డతో నాననిచ్చి మెల్లగా విడదీసింది.

గుప్పుమని కంపు కొట్టింది. సత్తెమ్మ ముఖం పక్కకు తిప్పి ఊపిరి పీల్చుకుని మళ్లీ వంగింది. బుగ్గల లోపల తెల్లటి చారలు వలలా అల్లుకున్నాయి. వాటి మధ్యంతా పచ్చిపుండు. చిగుళ్ల మీద తోలు పొరలుగా లేస్తోంది. ఆరేళ్లుగా తగ్గుతూ, తిరగబెడుతూ వస్తున్న రోగం. ఈసారి నాలుక కదపనివ్వడం లేదు. నెల రోజులుగా అతని నోట ఒక్క మాట లేదు.

పోలీసు యాక్షన్ అయి రెండు నెలలైంది. తెల్లాపూర్ దొర పట్నం పారిపోయాడు. గడీలో తన వెంట తిరిగిన వీరేశాన్ని మాత్రం వదిలేసి పోయాడు. బాట పక్కన పడి ఉన్నవాణ్ణి సత్తెమ్మే బండిలో వేయించి చందానగర్ తెచ్చుకుంది. ఆ చుట్టుపక్కల నోటి రోగాలకు మందు తెలిసింది ఆమెకే.

రోజుకు మూడుసార్లు నల్లతుమ్మ చెక్క కషాయం చల్లార్చి పుక్కిలి పట్టించేది. తర్వాత నెయ్యిలో పసుపు కలిపి వేలితో పుండ్లకు పూసేది. నెత్తురు కలిసిన జొల్లు ఆమె మణికట్టు దాకా తీగలా సాగేది. బూడిదతో ఎంత తోమినా వాసన పోయేది కాదు. ఆ చేత్తో జొన్న గటక ముద్ద నోటి దాకా తెచ్చి దించేసేది. చాలాసార్లు తినకుండానే లేచిపోయేది.

ఒకరోజు పక్కింటి చంద్రమ్మ వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడపలోనే నిలబడిపోయింది.

"థూ! గడీల ఉన్నన్ని రోజులు వీడు మనల్ని మనుషులోలె చూసిండా? చావనియ్యక గిదేందే సత్తెమ్మా?"

"చావొద్దు. నొప్పి తగ్గాలె."

"నీకు అసయ్యం గాదా?"

"ఎందుకు గాదు? పొద్దుగాల రెండుసార్లు కక్కిన," అంటూనే సత్తెమ్మ మళ్లీ పసుపులో వేలు ముంచింది.

చంద్రమ్మ తల కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

పన్నెండు రోజులకు చారలు పలచబడ్డాయి. వీరేశం ముఖం చిట్లించకుండా జావ తాగాడు. ఇరవయ్యో రోజు పొద్దున తనంతట తానే లేచి కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు. మాట బొంగురుగా వచ్చింది. కళ్లలో నీళ్లు నిండాయి. "నొప్పి లేదక్కా. మా అమ్మ గూడ నాకు గింత చెయ్యలే. నేను ఎసొంటోన్నో అడుగకుండ బతికించినవ్."

సత్తెమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని మంచం పక్కన కూర్చుంది.

"మాట సాఫ్‌గ వస్తుందా?"

"వస్తుందక్కా."

"అయితే చెప్పు, పోయిన ఎండకాలం మీ దొర మాట మీద నా పెనిమిటి ఐలయ్యను కొట్టి చంపి ఏడ బొందపెట్టినవ్?"