ఖాళీ డ్రమ్ములు

“రాజస్థాన్ ఎడారిల డ్రమ్ములకు నన్ను కాపలా పెట్టి, మా ప్లటూన్ ట్రక్కులెక్కి ఎల్లిపోయిందమ్మా! నన్ను మర్చేపోయిన్రు,” అన్నాడు నతానియేల్, గేటు ముందు అటెన్షన్‌లో నిలబడి చూపిస్తూ.

నానక్‌రామ్‌గూడలోని ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి సెక్యూరిటీ గార్డు. మిలిటరీ ముచ్చటొకటి చెప్పి నవ్వించందే ఎవరినీ గేటు దాటనివ్వడు. సకల జనుల సమ్మెకి బస్సుల్లేక తన బదులు మనిషి రాలేదని నిన్నటినుంచీ తనే నిలబడ్డాడు.

అట్టపెట్టె చంకన పెట్టుకుని బయటికొచ్చిన భార్గవి పడీపడీ నవ్వింది. “డ్రమ్ముల్లో ఏముండింది అంకుల్?”

“ఏం లేదు, ఖాళీయే! తెల్వక రెండు దినాలు తుపాకి పట్టుకొని నిలబడ్డ.”

ఆమె నవ్వు ఆగిపోయింది.

“ఏందమ్మా? అందరు నవ్వేది గీడనే.”

“మీ ఏజెన్సీవాళ్లు చెప్పలేదా అంకుల్? రోజూ బంద్‌లని ఆఫీసు బెంగళూరుకి మార్చేసినారు. మొన్న ఆదివారం మీరు చర్చికి పోయినప్పుడు లారీలొచ్చినాయి. మిగిలింది ఈ పెట్టొక్కటే.”

నతానియేల్ అటెన్షన్ వదిలి గేటు పట్టుకున్నాడు.

“మీ ప్లటూన్ తిరిగొచ్చింది కదా అంకుల్?” అంది మెల్లగా.

“వచ్చింది. డ్రమ్ములు తక్కువైనయని.”

తలెత్తి అద్దాల మేడకేసి చూశాడు. “ఈసారి డ్రమ్ములు గూడ లేవమ్మా,” అంటూ గేటు తీసి, ఆమె వెళ్లగానే మళ్లీ వేశాడు.