వెనక ఎడమ అద్దం

అమ్మేవాడే కారు లోపాలు ఏకరువు పెట్టడం బ్రోకర్ తిరుపతి ఎక్కడా చూడలేదు.

“సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టిక్కు టిక్కుమని ఊకుంటది,” అంటున్నాడు హఫీజ్, బానెట్ ఎత్తి. “పరేషాన్ కావొద్దు. బ్యాటరీ వైర్ల కాడ తెల్లగ పొడి పేరుకుంటది. ఏడినీళ్లు పోసి, తుడిచి, బిగించాలె. గంతే.”

తిరుపతి గట్టిగా దగ్గాడు. హఫీజ్ వినిపించుకోలేదు.

బిజినేపల్లిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు. బయట ఎండ చిటపటలాడుతోంది. కారు కొనడానికి వచ్చిన ముజీబ్ కొల్లాపూర్‌లో మామిడి తోటలు గుత్తకు తీసుకుంటాడు. ఇంట్లో పాపకు ఆయాసం. ఏ వేళ ఊపిరి అందకుండా పోతుందో తెలియదు. మొన్న వానాకాలంలో ఆటో దొరకక, ఆయన భార్య కుబ్రా బేగం పాపను భుజాన వేసుకొని రోడ్డు మీద ఉరికింది. దవాఖానకు చేరేసరికి పాప పెదవులు నల్లబడ్డాయి. అందుకే కారు. పాతదైనా సరే, ఇంటి ముందు ఉండాలి.

ఈ సంగతి తిరుపతి మాటవరసకు హఫీజ్ చెవిన వేశాడు. అంతకుముందు గద్వాల నుంచి మంచి మంచి పార్టీలను పట్టుకొస్తే, “ఇది నాకు తిండి పెట్టే బండి, అమ్మను” అని తిప్పి పంపిన మనిషి. కొల్లాపూర్ పార్టీ అనేసరికి మాత్రం “రమ్మను” అన్నాడు. కిరాయిలు దొరకడం లేదేమో అనుకున్నాడు తిరుపతి.

హఫీజ్, ముజీబ్ ఎదురుపడినప్పుడే తిరుపతికి వింతగా తోచింది. సలాం లేదు. చేయి కలపడం లేదు. ముజీబ్ షెడ్డు బయటే ఆగిపోయి టైర్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఉర్దూలో మాట్లాడుకోవాల్సినవాళ్లు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. బేరానికి ముందు బెట్టు కాబోలు అనుకుంటే, తీరా బేరమే లేదు. ఒకరు ఒక మాటన్నారు. ఇంకొకరు తలూపారు.

“కూసో,” అన్నాడు హఫీజ్.

ముజీబ్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తోటల దగ్గర వ్యాను నడిపిన చెయ్యే. అయినా కీ కోసం తడుముకుంటోంది.

“చలిల ఊకెనే లేవదు. చోక్ మొత్తం గుంజు. యాక్సిలేటర్ ముట్టకు. ఇంజన్ అందుకున్నంక చోక్ సగం నూకు. తొందరపడి తొక్కితివా, పెట్రోలు ఎక్కువై వాసన కొడ్తది. అప్పుడు జర ఆగాలె.”

“ఆగనీకి టైం ఉండదు గదా,” అన్నాడు ముజీబ్ మెల్లగా.

హఫీజ్ చేయి బానెట్ మీద బిగుసుకుంది.

“టైం లేకుంటే సెల్ఫ్‌తోని పని పెట్టుకోకు. కారును ఎప్పుడూ వాలు దిక్కు మొహం పెట్టే ఆపు. కీ తిప్పు, క్లచ్ తొక్కు, రెండో గేరెయ్యి. కారు ఉరుకంగనే క్లచ్ ఇడువు. మీ ఇంటి ముందు వాలే గదా.”

ముజీబ్ తలూపాడు.

రెండో గేరు పడలేదు. గర్రుమంది.

“ముందుగాల మూడోదానికి తగిలించి ఎనకకు రా. ఆఁ. ఇంకోసారి. కండ్లు మూసుకొని ఎయ్యి. రాత్రి కరెంటు ఉండదు. చేతికే తెల్వాలె.”

ముజీబ్ కళ్లు మూసుకొని గేరు వేశాడు. మళ్లీ వేశాడు. చొక్కా తడిసిపోయింది. హఫీజ్ దిగనివ్వలేదు.

“నువ్వు కారు అమ్ముతున్నవా, డ్రైవింగ్ స్కూల్ పెట్టినవా భాయ్,” అన్నాడు తిరుపతి.

హఫీజ్ డిక్కీ తెరిచి చూపించాడు.

“ఎండకు నడిమిట్ల ఆగిపోతే పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ ఎయ్యి. సల్లబడ్డంక లేస్తది. గుడ్డ, నీళ్ల సీస డిక్కీల పెట్టిన.”

ఇక అయిపోయిందనుకున్నాడు తిరుపతి. హఫీజ్ వెనక ఎడమ డోరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆ అద్దం దిగదు. స్క్రూలు విప్పి డోరు లోపలి అట్ట ఊడదీశాడు.

“గదంతా ఆయనే చేయించుకుంటడు తియ్యి,” అన్నాడు తిరుపతి.

“పాపకు గాలి ఆడాలె,” అన్నాడు హఫీజ్. మళ్లీ తల ఎత్తకుండానే, “ఆయాసమొస్తే పండుకోబెట్టొద్దు. ఈ అద్దం కాడ కూసోబెట్టాలె. ఈపు నిమురుకుంట.”

“ఇప్పుడు డాక్టర్‌వు గూడ అయినవా?”

“ఈ కార్లనే మస్తుమందిని దవాఖానకు తీస్కపోయిన, తిరుపతన్నా.” ముజీబ్ వైపు చూడకుండానే అడిగాడు. “ఇప్పుడెట్లుంది పాప?”

“మంచిగనే ఉంది,” అన్నాడు ముజీబ్. “బడికి పోతుంది. ఒక్కతీరుగ ముచ్చట్లు చెప్తది.”

స్క్రూడ్రైవర్ జారి హఫీజ్ బొటనవేలు చీరుకుపోయింది. వేలు నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత నూనె వేసి, అద్దం కిందికి దింపి, పైకి ఎత్తి, మళ్లీ దింపాడు. భుజం మీది తువ్వాల తీసి వెనక సీటు తుడిచాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న సీటును ఇంకోసారి తుడిచాడు.

కారు కదిలింది. తిరుపతి ముందు సీట్లో కూర్చొని వెనక దారి కనిపించే అద్దంలో చూశాడు. హఫీజ్ డిక్కీ మీద చెయ్యి వేసి, నూకుతున్నవాడిలా కొంతదూరం వెంట నడిచాడు. తర్వాత చెయ్యి వదిలేశాడు. రోడ్డు మధ్యలోనే కూలబడి తువ్వాలలో మొహం దాచుకున్నాడు.

“ఇనుప డబ్బా మీద గింత పానమా,” నవ్వాడు తిరుపతి. “పెండ్లాం, పిల్లలు ఉంటే గీ కార్ల పిచ్చి ఉండకపోయేది.”

ముజీబ్ గేరు మార్చాడు. ఊరు దాటాక కారును పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ మాత్రం ఆపలేదు.

“కుబ్రా మొదటి మొగుడు ఆయననే, తిరుపతన్నా, ఆ పాప ఆయన బిడ్డ,” అన్నాడు.