నాలుగో వైరు

“జరీ మార్చింది నువ్వే కుళ్ళాయప్పా. ఇంకో మాట లేదు.”

షావుకారు జయచంద్ర చేతిలోని పట్టుచీరను మగ్గం మీదికి విసిరేశాడు. “హిందూపురం పెండ్లోళ్ళు అంచు కాల్చి చూసినారు. వెండి కాదు, ప్లాస్టిక్ అని నా మొహాన కొట్టిపోయినారు.”

“మీరిచ్చిన జరీ రీలుతోనే నేసినానప్పా,” అన్నాడు కుళ్ళాయప్ప.

“నా రీళ్ళకా వంక పెడతాండావు?” జయచంద్ర సంచిలోంచి ఒక రీలు తీసి ఆడించాడు. “చూడు, సీలు కూడా తీయలేదు. అసలు వెండి జరీ. ఈ పొద్దుతో నీకు పని లేదు. జకార్డు మిషను నాది, తీసుకపోతా.”

ఆ జరీ చేతికి తగిలిన రోజే కుళ్ళాయప్పకు అనుమానం వచ్చింది. కానీ షావుకారు ఇచ్చిన సరుకును కాల్చి చూడడమంటే, ఆ వీధిలో అతన్ని ఎదురుగా నిలబెట్టి దొంగా అనడమే. ముప్పై ఏళ్ళుగా అలవాటైన భయం ఇప్పుడూ నోరు కట్టేసింది.

జయచంద్ర వెంటనే జకార్డు తీసుకుపోయేవాడే. కానీ మగ్గం మీద డిజైను ప్రకారం పోగులు లేపే ఆ మిషను పనిచేయడం లేదు. ఏ పోగు లేవాలో దానికి చెప్పేది అరచేతిలో సగం కూడా లేని కంప్యూటరు బోర్డు. డిజైను పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. మొన్న మోచెయ్యి తగిలి, పెన్‌డ్రైవ్ గుచ్చే యూఎస్‌బీ సాకెట్టు విరిగి కిందపడింది. కుళ్ళాయప్ప కూతురు స్వప్న సెల్ రిపేరు అంగడిలో పని చేస్తుంది. మగ్గం పక్కన కూర్చుని కొత్త సాకెట్టు అతికిస్తున్నది ఆ పిల్లే.

“ఇంకెంతసేపు పాపా?”

“కూర్చో అన్నా, అయిపోవచ్చింది. మళ్ళీ విరక్కుండా దీనికొక ఇల్లు కూడా కట్టినా చూడు.” స్వప్న ఒక సబ్బు డబ్బా ఎత్తి చూపించింది. దాని ఒక పక్కన సాకెట్టుకు సరిపడా కంత కోసి ఉంది. చూపించి, మూత తీయకుండానే మోకాలి పక్కన పెట్టుకుంది.

కుళ్ళాయప్పకు కడుపు మండిపోయింది. బాగైన మరుక్షణం ఇల్లు దాటిపోయే వస్తువుకు ఇంత సింగారం ఎందుకు? పైగా ఈ పిల్ల కూనిరాగం తీస్తోంది!

“సాగనంపేదానికి అంత తొందరేమే నీకు?” అని గొణిగాడు.

“పని పనే కదా నాయనా,” అంది స్వప్న. తర్వాత తలెత్తింది. “అన్నా, మూడు వైర్లు అతికినాయి. నాలుగోదానికి వైరు లేదు. ఆదివారం కదా, అంగడి మూసుంటాది.”

“మరెట్ల? నేను రేపు మళ్ళీ రావల్లనా?”

“నీ చేతిలో ఉండాది కదన్నా వెండి జరీ! వెండిని మించిన వైరు యాడుండాది? జానెడు ఇస్తే చాలు.”

జయచంద్ర మీసం దువ్వాడు. “జానెడేం ఖర్మ, మూర తీసుకో. నా జరీలో కరెంటు పరుగెత్తకపోతే అడుగు.” తన చేత్తోనే సీలు చించి, పోగు తెంపి ఇచ్చాడు.

స్వప్న ఆ పోగు ఒక కొసను బోర్డుకు, ఇంకో కొసను సాకెట్టుకు చుట్టింది. పెన్‌డ్రైవ్ గుచ్చి స్విచ్ వేసింది. పెన్‌డ్రైవ్ లైటు వెలగలేదు.

జయచంద్ర పకపకా నవ్వాడు. “పని రాదని ముందే చెప్పొచ్చు కదా పాపా! తప్పు నా జరీ మీద పెడతాండావా?”

కుళ్ళాయప్ప తల దించుకున్నాడు. తన పరువు పోయింది చాలక, కూతురి పరువు కూడా పోతోంది.

స్వప్న మాత్రం చెక్కుచెదరలేదు. “అవ్వా, నీ పెండ్లి చీర తీసుకరా!” అని లోపలికి కేక వేసింది.

“నా చీరతో నీకేం పనే?” అని సణుగుతూ కుళ్ళాయప్ప తల్లి ఓబులమ్మ చీర తెచ్చింది. తెచ్చిందే గానీ చేతిలోంచి వదల్లేదు. చిరిగిన అంచులోంచి స్వప్న ఆ కాలపు జరీ పోగు ఒక్కటి లాగి, జయచంద్ర పోగు తీసేసి, అదే చోట చుట్టింది.

నీలం లైటు వెలిగింది. జకార్డు టకటకమంటూ లేచింది.

స్వప్న మళ్ళీ జయచంద్ర పోగు పెట్టింది. ఆరిపోయింది. అవ్వ పోగు పెట్టింది. వెలిగింది.

జయచంద్ర జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. తన రీలులోంచి ఇంకో పోగు తెంపి, తానే అంటించాడు. అది కరిగి నల్లటి ఉండై కూర్చుంది. అతను మగ్గం పక్కనే కూలబడ్డాడు.

“జరీ అమ్మినోళ్ళు నన్నే ముంచినారు కుళ్ళాయప్పా. ఇంట్లో ఇంకా నలభై రీళ్ళు ఉండాయి,” అన్నాడు. “నోటికొచ్చినట్టు అన్నా, మనసులో పెట్టుకోవద్దు. జకార్డు ఈడనే ఉండనీ. హిందూపురం పోయి, తప్పు నేసినోనిది కాదని నేనే చెప్పొస్తా.”

తాను తెచ్చిన చీర మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కుళ్ళాయప్పకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నలుగురిలో తలెత్తుకుని తిరగొచ్చు, అంతకన్నా ఏం కావాలి?

“నా పోగు నాకియ్యి,” అని ఓబులమ్మ చెయ్యి చాపింది.

“అదిస్తే లైటు ఆరిపోతుంది కదమ్మా!” కుళ్ళాయప్ప కంగారుగా కూతురి వైపు తిరిగాడు. “అంగడి రేపటిదాకా తెరవరంటివి. నాలుగో వైరు యాడ తెస్తావే?”

స్వప్న మోకాలి పక్కనున్న సబ్బు డబ్బా మూత తీసింది. లోపల, ఇంకా కట్టు కూడా విప్పని కొత్త వైరు చుట్ట ఉంది.